గీతలూ రంగులూ: ట్యాబ్ మీద వంటకాల బొమ్మలు – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ తిండి చుట్టూనే. వంటకాల పుస్తకాలకీ, మెనూ కార్డులకీ, మిఠాయి పెట్టెలకీ బొమ్మలు గీస్తూ చిక్కుల్లో పడ్డవాళ్ళు రాసినవి. జవాబులు రాస్తుంటే మాకు ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది: ముందు ఆ వంటకంలో తడి ఎక్కడుందో, పొడి ఎక్కడుందో చూడండి. బ్రష్ ఏదన్నది తర్వాతి సంగతి.

ప్రశ్న: నా దగ్గర మామూలు ఆండ్రాయిడ్ ట్యాబ్, రబ్బరు మొన పెన్ను ఉన్నాయి. ఎంత నొక్కినా గీత ఒకే లావుగా పడుతోంది. యాప్ మార్చాలా, పెన్ను మార్చాలా? – ఒక పాఠకురాలు, తణుకు

యాప్ మార్చి లాభం లేదండీ. రబ్బరు మొన పెన్నుకీ వేలికీ తెర దృష్టిలో తేడా లేదు. ఎక్కడ తాకిందో దానికి తెలుస్తుంది, ఎంత గట్టిగా నొక్కారో తెలియదు. ఒత్తిడి పట్టాలంటే తెరలోనే అందుకు తగిన ఏర్పాటు ఉండాలి, దానికి జోడైన పెన్నే వాడాలి. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ లాంటి వాటికి ఎస్ పెన్ పెట్టెలోనే వస్తుంది. గీయడానికి దాన్ని చార్జింగ్ పెట్టే పని కూడా లేదు. ఐప్యాడ్ కొనాలనుకునేవాళ్ళు ఒక్కటి గమనించండి. యాపిల్ పెన్సిళ్ళలో 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ రకానికి పెన్ను వంపు తెలుస్తుంది గానీ ఒత్తిడి తెలియదు. మిగతా వాటికంటే చవక కదా అని చాలామంది అదే తీసుకుని, ఇంటికొచ్చాక నాలుక కరుచుకుంటున్నారు. పైగా ఏ పెన్సిలైనా అన్ని ఐప్యాడ్‌లకీ పనిచేయదు. మీ మోడల్‌కి ఏది సరిపోతుందో చూసుకుని కొనండి.

బొమ్మలు గీసే యాప్‌లలో ప్రొక్రియేట్ ఐప్యాడ్‌లోనే దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌లో ఐబిస్ పెయింట్, ఇన్ఫినిట్ పెయింటర్, క్రీటా ఉన్నాయి. క్రీటా పూర్తిగా ఉచితం. ఈ జవాబుల్లో చెప్పే లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చే పారదర్శక పొరలు), క్లిప్పింగ్ మాస్క్ (అడుగు లేయర్లో రంగున్న చోటే పై లేయరు కనబడేలా చేసేది), మల్టిప్లై (కింది రంగుని ముదురు చేస్తూ కలిపే పద్ధతి) వీటన్నింటిలోనూ ఉన్నాయి. క్రీటాలో మాత్రం క్లిప్పింగ్ మాస్క్ పనిని ‘ఇన్హెరిట్ ఆల్ఫా’ చేస్తుంది.

కొత్త పెన్ను వచ్చేదాకా ఆగక్కర్లేదు. తిండి బొమ్మకి గీత కంటే ఆకారమే ముఖ్యం. సెలెక్షన్ పనిముట్టుతో వంకాయ ఆకారం చుట్టి రంగు నింపండి. దాని మీద నీడ ఆకారం ఇంకోటి చుట్టి నింపండి, మెరుపు ఇంకోటి. ఇలా మూడు నాలుగు కత్తిరింపులతో నిగనిగలాడే గుత్తివంకాయ తయారవుతుంది. రబ్బరు మొనతోనే.

ప్రశ్న: ఒక టిఫిన్ సెంటరుకి మెనూ కార్డు బొమ్మలు వేసిచ్చాను. ఫోనులో బ్రహ్మాండంగా ఉన్నాయి, ప్రింటులో మసకగా వచ్చాయి. క్యాన్వాస్ 1080 × 1080 పెట్టాను. – ఒక పాఠకుడు, కరీంనగర్

ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. మీ 1080ని 300తో భాగిస్తే 3.6 అంగుళాలు, అంటే 9 సెంటీమీటర్ల చిల్లర. మీ బొమ్మ అంతవరకే స్పష్టంగా అచ్చవుతుంది. దాన్ని పేజీ అంతా సాగదీస్తే మసకబారక ఏమవుతుంది?

ఎ4 కాగితానికి 2480 × 3508 పిక్సెళ్ళు కావాలి. రంగు కాగితం అంచుదాకా పోవాలంటే కోతకి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా గీయాలి, అప్పుడు 2551 × 3579. ఇదంతా మొదటి గీత పడకముందే తేల్చుకోవాలి. గీసేశాక డీపీఐ (అంగుళానికి చుక్కలు) అంకె మార్చితే లేని వివరం పుట్టదు. క్యాన్వాస్ పెద్దదయ్యేకొద్దీ యాప్ ఇచ్చే లేయర్ల సంఖ్య తగ్గుతుంది, అది ట్యాబ్ ర్యామ్‌ని బట్టి ఉంటుంది. లేయర్లు చాలకపోతే ఒక్కో వంటకాన్నీ విడి ఫైల్లో, వెనక రంగు లేకుండా గీసుకుని, చివర్లో ఒకచోట పేర్చండి.

ప్రశ్న: అరిటాకు మీద ఇడ్లీలు వేస్తే ఒకసారి దూదిలా, ఒకసారి కోడిగుడ్లలా వస్తున్నాయి. తెలుపుని ఎలా పట్టుకోవాలి? – ఒక పాఠకురాలు, నరసరావుపేట

మీ రెండు తప్పులకీ రెండు వేర్వేరు కారణాలున్నాయి. అంచు చుట్టూ మెత్తటి ఎయిర్‌బ్రష్‌తో నీడ తిప్పితే దూది అవుతుంది. నున్నటి ఒంటి మీద తెల్లటి మెరుపు చుక్క పెడితే గుడ్డు అవుతుంది. ఇడ్లీకి మెరుపు ఉండదు. ఆవిరి మీద ఉడికినా దాని ఒళ్ళు పొడిగా, సన్నటి గుంటలతో ఉంటుంది. పడిన వెలుతురు అన్ని వైపులకీ చెదిరిపోతుంది.

ముందు తెల్లరంగుని పక్కన పెట్టేయండి. ఇడ్లీ అసలు రంగుకి హ్యూ (రంగు చక్రంలో చోటు) 45, శాచురేషన్ (రంగు చిక్కదనం) 7, బ్రైట్‌నెస్ (వెలుగు) 90 దగ్గర మొదలుపెట్టండి. ఇది ఒంటరిగా చూస్తే బూడిదలా అనిపిస్తుంది. భయపడకండి, పక్కన ముదురాకుపచ్చ పడగానే తెల్లబడుతుంది. వెలుతురు తగిలే వైపు బ్రైట్‌నెస్ 96. నీడ వైపు 74–78, ఇక్కడే అసలు కీలకం ఉంది: నీడని బూడిదరంగుతో వేయకండి. వెలుతురు ఆకు మీద పడి ఇడ్లీ అడుగుకి ఎగదన్నుతుంది కాబట్టి నీడలోకి లేత పచ్చ పాకుతుంది. హ్యూని 90 దగ్గరికి జరిపి, శాచురేషన్ 12 పెట్టండి. స్టీలు కంచంలో పెట్టిన ఇడ్లీకైతే ఆ నీడ కాస్త నీలిబూడిద అవుతుంది.

ఆకారంలో జనం వదిలేసేది నడుము. పాత్ర గుంటలో ఉన్న వైపు వంపు, పైన ఉబ్బిన వంపు కలిసే చోట చుట్టూ సన్నటి అంచు ఉంటుంది. ఆ అంచు కింద ఒక పలుచటి గట్టి నీడ గీత వేయండి. దాంతో గుడ్డు పోలిక సగం పోతుంది. గుంటల కోసం ఇడ్లీ లేయరు మీద క్లిప్పింగ్ మాస్క్ పెట్టి, గరుకు బ్రష్‌తో నీడ మొదలయ్యే సరిహద్దులో మాత్రం చుక్కలు పెట్టండి. నిండు వెలుతురులో గుంటలు కనబడవు, నిండు నీడలోనూ కనబడవు. అంతటా సమానంగా చల్లితే స్పాంజి అవుతుంది.

ఇడ్లీ ఆకుని తాకే చోట, దాదాపు నల్లగా, సన్నగా ఒక నీడ. అక్కణ్ణుంచి దూరం పోయేకొద్దీ అది పలచబడి మెత్తబడాలి. ఇది లేకపోతే ఇడ్లీ గాల్లో తేలుతుంది. అంతా అయ్యాక అన్నిటికంటే పైన ఒక లేయరు పెట్టి, బూడిదరంగు నింపి, బ్లెండ్ మోడ్‌ని (ఆ లేయరు కింది వాటితో కలిసే తీరుని) కలర్‌కి మార్చండి. బొమ్మ నలుపు తెలుపుల్లో కనబడుతుంది. అందులో ఇడ్లీ వెలుతురు వైపు కంటే ఆకు ఎక్కడైనా తెల్లగా ఉంటే తప్పు అక్కడుంది.

మెరుపు పెట్టాలని చెయ్యి ఊరుకోకపోతే పక్కనున్న కారప్పొడిలో వేసిన నెయ్యి మీద పెట్టండి. అక్కడ ఒక్క చిన్న మెరుపు పడితే ఇడ్లీ ఇంకా మెత్తగా కనబడుతుంది. ఆకు వేసేటప్పుడు ఇంకోటి: తినేవారి ఎడమచేతి వైపుకి కొస రావాలి. తిరగబడితే మన పాఠకులు ఇట్టే పట్టేస్తారు.

ప్రశ్న: ఆవకాయ వేస్తే ప్లాస్టిక్ ముక్కల్లా ఉంటోంది. నూనె మెరుపు కోసం బ్రష్‌ల ప్యాక్ కొనమంటారా? – ఒక పాఠకుడు, అనకాపల్లి

కొనకండి. ఆవకాయకి మూడు బ్రష్‌లు చాలు: అంచు గట్టిగా ఉండే గుండ్రటిది ఒకటి, గరుకుది ఒకటి, మెత్తటిది ఒకటి.

ప్రతి ముక్క మీదా ఒకే సైజు తెల్ల బొట్టు, ఒకే చోట పెట్టడం వల్ల ప్లాస్టిక్ వాలకం వస్తుంది. ఆవకాయలో నాలుగు రకాల ఒళ్ళున్నాయి. మామిడి తోలు నున్నగా ఉంటుంది, కండ నూనె పీల్చి మెత్తబడి ఉంటుంది, టెంక పొడిగా మీగడరంగులో ఉంటుంది. వీటి మీద ఆవపిండీ కారమూ కలిసిన గుజ్జు పలుకుపలుకుగా అంటుకుని ఉంటుంది. నాలుగింటి మీదా వెలుతురు నాలుగు రకాలుగా పడుతుంది.

వరస ఇదీ. మొదటి లేయర్లో ముక్కలు మాత్రమే, నూనె లేనట్టుగా. తోలు ముదురాకుపచ్చ, కండ పసుపు, టెంక లేత గోధుమ. రెండోది క్లిప్పింగ్ మాస్క్: గరుకు బ్రష్‌తో గుజ్జు, హ్యూ 12, శాచురేషన్ 85, బ్రైట్‌నెస్ 60 దగ్గర. ముక్కంతా కప్పేయకండి, టెంక అంచు అక్కడక్కడ బయటపడాలి. ఆవకాయ అని కంటికి చెప్పేది ఆ టెంకే. మూడోది నూనె. కొత్త లేయరుని మల్టిప్లైలో పెట్టి, నారింజరంగు (హ్యూ 20, శాచురేషన్ 85, బ్రైట్‌నెస్ 90) 40 శాతం ఒపాసిటీతో (రంగు ఎంత గట్టిగా కప్పాలో చెప్పే అంకె) నూనె నిలిచిన చోటల్లా వేయండి. నూనె కింద ఉన్నది కనబడుతుంది, కాకపోతే ముదురుగా కనబడుతుంది. తడిసిన గుడ్డ పొడిగుడ్డ కంటే ముదురుగా ఉన్నట్టే.

మెరుపులు అన్నిటికంటే చివర, నార్మల్ మోడ్‌లో, గట్టి అంచు బ్రష్‌తో. మెత్తటి బ్రష్‌తో మెరుపు వేస్తే నూనె కాస్తా మైనం అవుతుంది. నిలిచిన నూనె మీద మెరుపు అంటే కిటికీ ప్రతిబింబమే కదా, దానికి ఆకారం ఉంటుంది. ఒక పెద్దది, రెండు మూడు మధ్యరకం, పిండి పలుకుల మధ్య చితికిపోయిన చిన్నవి కొన్ని. అన్నీ వెలుతురు వచ్చే వైపే తిరిగి ఉండాలి. టెంక మీద ఒక్కటీ వద్దు.

ఇక దగ్గరికి వంగి చూస్తే తప్ప తెలియని సంగతి. నూనె జాడీ గోడనో ముక్క పక్కనో తాకే చోట చదునుగా ఆగిపోదు, కాస్త పైకి ఎగబాకుతుంది. ఆ వంపు వెంట వెంట్రుకంత సన్నటి మెరుపు గీత ఉంటుంది, అక్కడక్కడ తెగుతూ. ఆ గీత వేసి చూడండి, అప్పటిదాకా రంగుగా ఉన్నది నూనె అవుతుంది. తెల్ల గిన్నె మీద నూనె కారి ఉంటే దాని నీడ నల్లగా పడదు, మధ్యలో నారింజ వెలుగు ఉంటుంది. నూనెలోంచి వెలుతురు దూరి వస్తుంది మరి.

ప్రశ్న: పూతరేకులు వేయడం నా వల్ల కావడం లేదు. కాగితం చుట్టల్లా ఉంటున్నాయి. – ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

పొరల్ని పొరలుగానే కట్టాలి. ఒక్క దెబ్బలో తెల్లరంగు పూస్తే కాగితమే అవుతుంది. ఆత్రేయపురంలో బోర్లించిన వేడి కుండ మీద పలుచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని లాగి రేకు తీస్తారు. ఆ రేకులోంచి అవతలి చెయ్యి కనబడుతుంది. మీ బొమ్మలోనూ కనబడాలి.

వెనక ముదురు రంగు పెట్టుకోండి, ఇత్తడి పళ్ళెమో చెక్క బల్లో. రేకు రంగు 20 శాతం ఒపాసిటీతో ఒక పొర వేయండి. దాని మీద ఇంకో పొర పడ్డచోట 36 శాతం అవుతుంది, మూడో పొరకి 49, ఐదో పొరకి 67. పెన్ను ఎత్తి మళ్ళీ పెడితేనే పొర మీద పొర పడుతుంది, ఎత్తకుండా రుద్దితే కొన్ని బ్రష్‌లలో పడదు. చుట్ట కొసన ఒకటి రెండు పొరలే ఉంటాయి, మధ్యలో ఎక్కువ. కాబట్టి కొసలు పలచగా, నడుమ తెల్లగా వస్తుంది. పొర అంచుల్లో చిరుగులు, మడత గీతలు సన్నగా, వంకరగా వేయండి. స్కేలు పెట్టినట్టుంటే కాగితమే.

నెయ్యి తగిలిన చోట రేకు ఇంకా పారదర్శకం అవుతుంది. పొడి రేకులోని సన్నటి గాలి సందుల వల్లే అది తెల్లగా కనబడుతుంది, నెయ్యి ఆ సందుల్ని నింపేస్తుంది. బజ్జీల పొట్లం కాగితం మీద నూనె మచ్చ చూశారుగా, అదే. రేకు లేయరు మీద మెత్తటి రబ్బరుతో (యాప్‌లోని ఎరేజర్), 30 శాతం బలంతో, మచ్చలు మచ్చలుగా తుడిచి, ఆ చోట లేత పసుపు తగిలించండి. లోపలి బెల్లం పొడి రంగు అక్కడక్కడ బయటికి కనబడాలి. దానికి విడిగా కష్టపడక్కర్లేదు, బెల్లం లేయరు ముందే అడుగున ఉంటే దానంతటదే కనబడుతుంది.

ప్రశ్న: కంచాలు, గిన్నెలు వంకరగా వస్తున్నాయి. – ఒక విద్యార్థి, వరంగల్

గుండ్రటి కంచాన్ని ఏటవాలుగా చూస్తే పొడవుకీ వెడల్పుకీ నిష్పత్తి మీరు చూసే కోణాన్ని బట్టి మారుతుంది. బల్ల మట్టానికి 30 డిగ్రీల ఎత్తు నుంచి చూస్తే వెడల్పు పొడవులో సగం. 45 డిగ్రీలకి దాదాపు 0.7, 60కి 0.87, నిట్టనిలువుగా పైనుంచి చూస్తే పూర్తి వృత్తం. ఒక కోణం ఎంచుకుని బల్ల మీద ఉన్నవన్నీ దానికే కట్టండి. కంచం 60లో, పక్కన సాంబారు గిన్నె 30లో ఉంటే బల్ల విరిగినట్టుంటుంది.

ప్రొక్రియేట్‌లో గుండ్రంగా గీసి పెన్ను ఎత్తకుండా ఆగితే చక్కటి దీర్ఘవృత్తం అవుతుంది. కొసలు చేపలా మొనదేలకూడదు, ఎంత సన్నటి దీర్ఘవృత్తానికైనా కొస గుండ్రమే. కంచం అంచు కోసం అదే ఆకారాన్ని కాపీ చేసి, నిష్పత్తి చెడకుండా కాస్త చిన్నది చేసి లోపల పెట్టండి. అంచు పక్కల వెడల్పుగా, ముందూ వెనకా సన్నగా దానంతటదే వస్తుంది. చుట్టూ ఒకే వెడల్పు ఉంచాలని చూడటమే అసలు తప్పు. గ్లాసుకైతే అడుగు వృత్తం పై వృత్తం కంటే కొంచెం ఎక్కువ తెరుచుకుని ఉంటుంది, అది మన చూపు మట్టానికి ఇంకా దిగువన ఉంటుంది కాబట్టి.

స్టీలు గ్లాసు మీద నిలువు చారలు వేయండి. ముదురు పక్కనే లేత, మధ్యలో కలపకుండా. బూడిదరంగు మెల్లగా తిప్పితే సిమెంటు గొట్టం అవుతుంది.

ప్రశ్న: తెర మీద కరివేపాకు పచ్చ, కుంకుమపువ్వు రంగు మెరిసిపోతున్నాయి. ప్రెస్సు నుంచి వస్తే మురికిగా ఉన్నాయి. – ఒక పాఠకుడు, విజయవాడ

తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో. తెర చూపించే కొన్ని పచ్చలు, నారింజలు నాలుగు సిరాలకి అసలు దొరకవు. బొమ్మ ప్రింటుకే అయితే ముందే ప్రెస్సువాళ్ళని రెండు సంగతులు అడగండి: ఏ కాగితం, ఏ సీఎంవైకే ప్రొఫైల్ (ఆ నాలుగు సిరాలకి రంగుల్ని మార్చే లెక్క). ఆర్ట్ పేపరు మీద సిరా పైనే నిలుస్తుంది. మ్యాప్‌లితో, అంటే పూత లేని మామూలు కాగితం, సిరాని పీల్చుకుంటుంది, చుక్క ఉబ్బుతుంది, బొమ్మంతా ఒక మెట్టు ముదురుతుంది. మ్యాప్‌లితోకి వెళ్ళే బొమ్మలో నీడల్ని కాస్త తేలికచేసి ఇవ్వండి.

మురికికి ఇంకో కారణం మీ చేతిలోనే ఉంది. వేపుడు, బిర్యానీ, పులుసు నీడల కోసం చాలామంది నలుపు కలుపుతారు. దాంతో మసాలా బురద అవుతుంది. పసుపురంగు వంటకం నీడని నారింజ వైపు, నారింజని ఎరుపు వైపు, ఎరుపుని ముదురు వంకాయరంగు వైపు జరపండి. పులిహోరలో మెతుకుల మధ్య నీడ గోధుమరంగు కాదు, మిరపపండు ఛాయ కలిసిన పసుపు. గీసేటప్పుడు తెర వెలుతురు సగానికి తగ్గించి, ఆటోమేటిక్ బ్రైట్‌నెస్, ట్రూ టోన్, నైట్ షిఫ్ట్ ఆపేయండి. అవి వేళను బట్టి, గది వెలుతురును బట్టి రంగుని మార్చేస్తుంటాయి. మొత్తం అచ్చయ్యే ముందు అదే కాగితం మీద ఒక్క ప్రూఫ్ (నమూనా ప్రతి) తీయించుకోండి. ఆ ఖర్చుకి వెనకాడకండి.

ప్రశ్న: నెట్‌లో దొరికిన బిర్యానీ ఫొటో మీద ట్రేస్ చేసి అమ్మొచ్చా? – పేరు రాయలేదు

వద్దు. ఆ ఫొటో మీద హక్కు మామూలుగా తీసినవారిదే, 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. మీ ఇంట్లో కిటికీ పక్కన, వెలుతురు వెనకనుంచో పక్కనుంచో పడేలా కంచం పెట్టి మీ ఫోనుతోనే తీసుకోండి. మూడు కోణాల్లో, వడ్డించిన వెంటనే. నెయ్యి గడ్డకట్టాకా, కొత్తిమీర వాడాకా తీసిన ఫొటోలోంచి తినాలనిపించే బొమ్మ రాదు.

ప్రశ్న: ట్యాబ్‌లో చోటు లేక యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించాలనుకుంటున్నాను. బొమ్మలుంటాయా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

ప్రొక్రియేట్ అయితే యాప్‌తోపాటు అందులోని బొమ్మలూ పోతాయి. ముందు ఒక్కో ఫైలునీ పీఎస్‌డీగానో (లేయర్లు నిలిచే ఫొటోషాప్ ఫైలు) ప్రొక్రియేట్ ఫైలుగానో బయట దాచుకోండి. జేపీజీ మాత్రమే దాస్తే లేయర్లు మిగలవు. దాచిన ఫైలుని ఒకసారి తెరిచి చూశాకే యాప్ తీయండి.

ప్రశ్న: వేడివేడి ఉప్మా మీద పొగలు వేస్తే దారప్పోగుల్లా ఉన్నాయి. – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

ఆవిరి కనబడాలంటే వెనక ముదురు ఉండాలి. తెల్ల కాగితం మీద తెల్ల ఆవిరి కోసం బూడిదరంగు వాడితే అది పొయ్యి పొగ అవుతుంది. వెనక ముదురుంటే వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో, 20 శాతం ఒపాసిటీతో, రెండు మూడు పట్టీలు పైకి లాగండి. వంటకాన్ని ఆనుకుని కాకుండా కొంచెం పైనుంచి మొదలుపెట్టండి. ఆవిరి కాస్త చల్లబడి సన్నటి తుంపర అయ్యాకే కంటికి ఆనుతుంది. గాసియన్ బ్లర్ (అంచుల్ని మసకబరిచే ఎఫెక్ట్) కొద్దిగా ఇచ్చి, రబ్బరుతో అక్కడక్కడ తెంపండి. పైకి పోయేకొద్దీ వెడల్పు పెరగాలి, బలం తగ్గాలి.

వెనక తెలుపే ఉండాలని పట్టుబడితే ఆవిరి మానేసి, పక్కన స్టీలు మూత వెల్లకిలా వేయండి, లోపల నీటిబొట్లతో. బొట్టులో వెలుతురు తిరగబడుతుంది. కాంతి ఎడమ పైనుంచి వస్తుంటే ఆ వైపు చిన్న గట్టి మెరుపు పెట్టి, దాని చుట్టూ బొట్టు లోపల కాస్త ముదురు వేయండి. ఎదుటి మూలన, కుడి కింద, లేత వెలుగు. బొట్టు నీడ బయట కుడివైపు సన్నగా పడాలి. నాలుగైదు పెద్ద బొట్లు ఇలా శ్రద్ధగా వేస్తే మిగతావి చుక్కలుగా వదిలేసినా చాలు. రెండు బొట్లు కలిసి జారుతున్నట్టు ఒక చార అంచుదాకా లాగండి, ఆ మూత అప్పుడే తీసినట్టుంటుంది.